టెర్నోలుగ్ జిల్లా మీద అభ్యంతరాలు

మా ఆయన వాసుదేవరావు ఆర్డీవోగా రిటైరై మూడేళ్ళయింది గానీ సంతకం పెట్టే చెయ్యి మాత్రం ఇంకా రిటైరు కాలేదు. పొద్దున్నే కాఫీ తాగి, కుడి చేతి వేళ్ళు ఒకసారి విరుచుకుని, ఏదైనా కాగితం వస్తుందేమోనని తలుపు వంక చూస్తారు. కరీంనగర్‌లో ఉన్నన్నాళ్ళూ ఎవరో ఒకరు పట్టాదారు పాసుపుస్తకం గొడవతో వచ్చేవాళ్ళు కాబట్టి గడిచిపోయింది. రెండు వేల ఇరవై ఫిబ్రవరిలో మా అబ్బాయి భార్గవ్ దగ్గర రెండు నెలలుందామని జర్మనీలోని ఎర్లాంగెన్ వచ్చాం. కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. వీసా పొడిగింపుకు ఇక్కడివాళ్ళు టెర్మిన్ అనే అపాయింట్‌మెంట్లు ఒకదాని మీద ఒకటి తీసుకుంటూ ఆ మూడో అంతస్తు ఇంట్లో ఇరుక్కుపోయాం. చేతిలో ఫైలు లేని అధికారితో ఒకే ఇంట్లో ఉండటం ఎలాంటిదో నన్నడగండి.

మొదట చెత్తడబ్బాల మీద పడ్డారు. పసుపు డబ్బాలో ఏది, గోధుమరంగు డబ్బాలో ఏది అని ఒక ఉత్తర్వు తయారుచేసి ఫ్రిజ్‌కి అంటించారు. తర్వాత సూపర్ మార్కెట్ క్యూలో నిలబడి ఒక జర్మన్ ముసలావిడను మీటరున్నర వెనక్కి జరగమని సైగ చేశారు. ఆవిడ జరిగి, థాంక్స్ కూడా చెప్పింది. దాంతో ఇంకో నెలరోజులు మేం ఆయన్ని పట్టలేకపోయాం.

ఇక భార్గవ్ సంగతి. మావాడు ఆదివారం కాగానే సైకిలెక్కి గాలి పీల్చుకోవడానికి వెళ్ళేవాడు. ఆ రోజుల్లో ఒక ఇంటివాళ్ళు ఇంకొక ఇంటివాళ్ళను మాత్రమే కలవాలని రూలు. ఊరు నిండా స్నేహితులున్న మావాడు ప్రతిసారీ ఆ ఒక్క ఇంటినే ఎంచుకునేవాడు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, ఈ మాత్రం లెక్క నాకు తేలకుండా ఉంటుందా? రూళ్ళు సడలించాక ఆగస్టులో, "ఇంటికి తీసుకురా, చూస్తాను" అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి వాడికి.

పిల్ల పేరు సోలోమియా. యుక్రెయిన్ దేశం. ఇక్కడి యూనివర్సిటీ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. పప్పుచారు అన్నం చేత్తో కలుపుకుని తింది. ఆ కలపడం చూస్తేనే తెలిసింది, చాలా రోజులుగా సాధన నడుస్తోందని. తెలుగు మాట్లాడటం రాకపోయినా, మనం మాట్లాడుకుంటే అర్థం చేసుకుంటోంది. ఆవకాయ రెండోసారి తనే అడిగి వేయించుకుంది. మా ఆయన కాసేపు ఇంగ్లీషులో ఉద్యోగం సంగతులు అడిగి, చివరికి మనవాళ్ళందరూ అడిగే ప్రశ్న దగ్గరికే వచ్చారు.

"మీదే ఊరు బిడ్డా? ఏ జిల్లా?"

"ఊరు వెర్బీ. జిల్లా టెర్నోలుగ్, కిందటి నెల దాకా" అందా పిల్ల. "ఇప్పుడు లేదండీ. జూలైలో ప్రభుత్వం రద్దు చేసింది. దేశం మొత్తం నాలుగు వందల తొంభై జిల్లాలుండేవి. కలిపి కలిపి నూట ముప్ఫై ఆరు చేశారు."

మా ఆయన చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. తెలంగాణలో పది జిల్లాలను ముప్ఫై ఒకటి చేసినప్పుడు ఆ పనిలో రాత్రింబవళ్ళు కూర్చున్న మనిషి. జిల్లాలు పెరుగుతాయని తెలుసు గానీ తరుగుతాయని ఆయన ఊహించలేదు.

ఆ పిల్ల వెళ్ళాక తీర్పు వెలువడింది.

"జిల్లానే లేని పిల్ల గురించి వాకబు ఎవర్ని అడిగి చేయాలె?" అన్నారు.

"వాకబెందుకు బాపూ, మూడేండ్ల సంది నేను చూస్తలేనా?" అన్నాడు భార్గవ్.

"నువ్వు చూసుడు వేరే, వాకబు వేరే. ఆ దిక్కు మనిషి ఒకడు ఇంటి సంగతి చెప్పాలె. ముందుగాల జిల్లా తేలనీ. అది తేలేదాక పెండ్లి మాట ఎత్తకు."

నాకు ఒళ్ళు మండింది. పిల్ల మనది కాదన్నదే ఆయన బాధ. చదువుకున్నవాడు, పదిమందికి నీతులు చెప్పినవాడు, ఆ మాట నోటితో అనలేక ఫైలు వెనకాల దాక్కున్నారు. విదేశాల్లో ఇరుక్కున్నవాళ్ళ కోసం మన ప్రభుత్వం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నడుపుతున్న వందే భారత్ విమానానికి అప్పటికే మా పేర్లు రాయించి ఉన్నారు. సీటు వచ్చిందంటే ఎక్కేస్తాం. ఆయన అవునంటే ఈ గడ్డ మీద ఉండగానే అనాలి. కరీంనగర్ చేరాక ఆ మాట ఫోన్లో నానుతుంది, నాని నాని పోతుంది. కొడుకు ఎదురుతిరిగే రకం కాదు, అలాగే ముభావంగా ఉండిపోయే రకం. వాడి మొహం చూడలేకపోయాను.

మర్నాడు భార్గవ్ నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఆమెకు చీర కట్టుడు నేర్పరాదూ? బాపు కాళ్ళు మొక్కుమని చెప్త" అన్నాడు.

"చీరెలొద్దు, మొక్కులొద్దు. మీ బాపుకు కావాల్సింది ఒక హద్దుల పంచాయితీ. ఆమెను మ్యాపు పట్టుకరమ్మను" అన్నాను.

సోలోమియా ఒకరోజు ల్యాబ్ నుంచి త్వరగా వచ్చింది. వంటింట్లో కూర్చోబెట్టి కిటుకు చెప్పాను. మా ఆయన ఎప్పుడూ ఎవరు ఏదంటే దానికి అడ్డం చెబుతారు. చారు బాగా కుదిరిందని నేనంటే ఉప్పు తక్కువంటారు, ఉప్పు తక్కువైందేమో అంటే సరిపోయిందంటారు. అందుచేత, "మీ జిల్లా పోయిందని ఏడవకు. పోవడమే మంచిదైందని చెప్పు. మిగతాది ఆయనే చూసుకుంటాడు" అన్నాను. ఆ పిల్ల కళ్ళు మిలమిలలాడాయి. మాటల్లో మాటగా మా పుట్టింటి సంగతి కూడా చెప్పుకున్నాను. అది ఇంట్లో నేను ఎవరితోనూ ఎత్తని సంగతి. ఎందుకు చెప్పానో మరి, ఆ పిల్ల బీన్స్ తుంచుతూ వినే తీరు అలాంటిది.

ఆదివారం భోజనాలయ్యాక టేబుల్ మీద మ్యాపు పరిచింది. "అంకుల్, ఆలోచిస్తే మా జిల్లా తీసెయ్యడమే నయం. చిన్నది. జనం తక్కువ. ఆఫీసుల ఖర్చు దండగ" అంది అమాయకంగా.

"దండగ అని ఎవరన్నరు?" మా ఆయన కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. "జిల్లా అంటే ఖర్చు లెక్కనా? ఎప్పుడు పుట్టింది నీ జిల్లా?"

అంతే, గాలం మింగారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం మా ఇంట్లో టెర్నోలుగ్ జిల్లా మీద విచారణే. ఆ పిల్ల వాళ్ళ భాషలోని పాత గెజిట్లు ఎక్కడెక్కడినుంచో వెతికి తెచ్చి ఇంగ్లీషులోకి చెప్పేది, ఈయన తెల్లకాగితాల మీద రాసుకునేవారు. పంతొమ్మిది వందల ఇరవై మూడులో పుట్టిందట ఆ జిల్లా. అంతకుముందు వోలోస్తులని ఉండేవి, మన ఫిర్కాల వంటివి, వాటిని కలిపి చేశారు. ముప్ఫైల మొదట్లో దాన్ని పక్క జిల్లాలో కలిపేశారు. కొన్నేళ్ళకు మళ్ళీ విడదీశారు. ఆ మధ్య వచ్చిన కరువులో ఆ ఊళ్ళలో మనుషులు ఎలా రాలిపోయారో చెప్పేటప్పుడు సోలోమియా గొంతు తగ్గిపోయింది. మా ఆయన కలం మూసేసి, నన్ను టీ పెట్టమన్నారు. ఆ రోజుకింక ఏమీ అడగలేదు. మనిషి మొండివాడే కానీ చెడ్డవాడు కాదని నేను ఇలాంటప్పుడే గుర్తు చేసుకుంటూ ఉంటాను.

అరవై రెండులో మళ్ళీ రద్దు. వాళ్ళ అమ్మమ్మ హన్నా అప్పుడు ఆ జిల్లా ఆఫీసులో టైపిస్టు. ఆఫీసు మూసేసేరోజు అందరూ కుర్చీలు, బీరువాలు అప్పగిస్తుంటే ఆవిడ గుమ్మం మీది బోర్డు ఊడదీసి, బండిలో గడ్డి కింద పెట్టుకుని ఇంటికి తీసుకుపోయిందట. నాలుగేళ్ళకు జిల్లా తిరిగి వచ్చింది. కొత్త ఆఫీసరు కొత్త బోర్డుకు డబ్బులు మంజూరు కాలేదని తల పట్టుకుంటే, ఈవిడ పాత బోర్డు తుడిచి తెచ్చిచ్చిందట.

"ప్రభుత్వ ఆస్తి ఇంటికి తీసుకపోవుడు నేరం" అన్నారు మా ఆయన. వెంటనే తనే, "కాని తెలివైన మనిషి" అన్నారు.

"ఇప్పుడు మూడోసారి రద్దయింది కదా అంకుల్, ఇక వదిలెయ్యడమే మంచిది" అంది పిల్ల, నావైపు చూడకుండా.

"ఎట్ల వదిలేస్తరు? రెండుమార్లు తీసేస్తే రెండుమార్లు వచ్చింది. జనానికి కావాల్సిన జిల్లా కాబట్టే వచ్చింది."

సెప్టెంబరు కల్లా ఆయన ఇంగ్లీషులో పెద్ద అభ్యంతర పత్రం తయారుచేశారు. 'టెర్నోలుగ్ జిల్లా రద్దుపై అభ్యంతరాలు, సూచనలు' అని పైన రాసి గీత కొట్టి, కింద పేరాలకు అంకెలు వేసి, అచ్చం కలెక్టరేట్ నుంచి వెళ్ళే కాగితంలాగే. ఆ దేశంలో ఆయనకు ఓటు లేదు, సెంటు భూమి లేదు, ఆ కాగితం తీసుకునే ఆఫీసు ఏదో కూడా తెలియదు. పంపుదామని కవరు కూడా కొనిపించారు. మా అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించారు.

అందులో ఒక పేరా ఉంది. వెర్బీ ఊరినుంచి టెర్నోలుగ్ అంగడికి మధ్య ఒక చిన్న ఏరు ఉందట. కొత్త విభజనలో ఆ ఏటినే హద్దుగా తీసుకుని ఊరిని ఒక జిల్లాలో, అంగడిని ఇంకో జిల్లాలో వేశారట. మా ఆయనకు అక్కడ ఆవేశం వచ్చి కాగితం పక్కనపెట్టి తెలుగులోకి దిగారు.

"ఏరు సహజమైన హద్దని రాసినోడు ఆ ఊరు చూసి ఉండడు. కుర్చీల కూసోని గీసిండు. ఏరు అడ్డముంటే మనుషులు వేరైతరా? పొలం ఇటు, అంగడి అటు, బిడ్డనిచ్చిన ఇల్లు అటు. నీళ్ళకు తెలుస్తదా ఎవరు ఏ జిల్లనో?"

కూర తరుగుతున్న నా చెయ్యి కత్తిపీట మీద ఆగిపోయింది. సోలోమియా నన్ను చూసింది.

మా పుట్టిల్లు రేగులపాడు. ఊరి పక్కన ఒక వాగు ఉంది, సంవత్సరంలో పది నెలలు పిల్లలు అందులో క్రికెట్ ఆడుకుంటారు. జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ వాగు సహజమైన హద్దని రిపోర్టు రాసి మా ఊరిని పక్క జిల్లాలోకి తోసింది ఎవరో కాదు, ఈయనే. మా తమ్ముడు కమలాకర్ ఇప్పుడు చిన్న కాగితానికి కూడా రెండు బస్సులు మారాలి. ఊరివాళ్ళు వాణ్ణి, మీ బావ గీసిన గీత అని దెప్పారు. వాడు మా గడప తొక్కడం మానేశాడు. నేనడిగితే ఈయన, ఫైలు మీద బంధుత్వాలుండవు అన్నారు. ఆ ఒక్క మాటతో ముగించేశారు. నాకు దుఃఖం వచ్చింది, కోపం వచ్చింది, రెండూ లోపలే ఉండిపోయాయి.

ఆ రోజు కూడా మిగిలిన కూర తరిగేసి లేచాను. కత్తిపీట కడిగి పక్కన పెట్టాను.

వారం తిరక్కుండా వందే భారత్ నుంచి కబురొచ్చింది. రెండు సీట్లు ఖాయం. భార్గవ్ ఆ మెయిలు చదివి లేచి బాల్కనీలోకి వెళ్ళాడు.

"జిల్లా తేలింది గద" అన్నాను నేను. "మీరే తేల్చిండ్రు. ఉన్నదని పేరా పేరా రాసిండ్రు. ఇగ పెండ్లి మాట ఎత్తొచ్చునా?"

ఇరుక్కున్నానని ఆయనకు అర్థమైంది. అటూ ఇటూ చూసి, "వాకబు మిగిలింది" అన్నారు. "ఆ ఊరి పెద్దమనిషి ఎవరితోనన్న మాట్లాడాలె."

"అమ్మమ్మ ఉంది" అంది అక్కడే ఉన్న సోలోమియా వెంటనే.

ఆ ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ పెట్టాం. తలకు పువ్వుల రుమాలు, పెద్ద పెద్ద చేతులు, కోళ్ళ గూటి పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది ఆవిడ. ఆవిడకు వాళ్ళ భాష తప్ప రాదు. పిల్ల ఇంగ్లీషులోకి చెబుతోంది. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని మరీ కూర్చున్నారు. మొదటిది అడిగేలోపే ఆవిడే గడగడా ఏదో అడిగింది.

"మీదే ఊరు, ఏ జిల్లా అంటోంది" అంది సోలోమియా.

మా ఆయన మొహం వెలిగిపోయింది. "కరీంనగర్ జిల్లా" అన్నారు ఠీవిగా.

నేను ఊరుకోలేకపోయాను. "ఏ కరీంనగరండీ? మీ ఊరు ఇప్పుడు జగిత్యాల జిల్లా గద. గీత గీసింది మీరే గద. సరిగ్గ చెప్పుండ్రి పెద్దమనిషికి."

ఆయన నన్ను గుర్రుగా చూశారు. సోలోమియా మాత్రం నా మాట అమ్మమ్మకు చెప్పేసింది. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. ఫోను తిప్పి కోళ్ళ గూడు చూపించింది. గూటి వెనక గోడకు నీలంరంగు రేకు బోర్డు, దాని మీద తెల్లటి అక్షరాలు. ఈసారి కూడా ఆవిడే పట్టుకొచ్చుకుందన్నమాట. మళ్ళీ ఫోను తనవైపు తిప్పుకుని మా ఆయన్ని చూస్తూ ఇంకేదో అంది.

సోలోమియా తల వంచుకుంది. "ఎలా చెప్పాలో తెలియడం లేదు. జిల్లాలు చెరిపేవాళ్ళ ఇంటికి, గీతలు గీసేవాళ్ళ ఇంటికి పిల్లనివ్వను అంటోంది."

మా ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. ఇన్నాళ్ళూ అవునో కాదో అనడానికి తానొక్కరే ఉన్నాననుకున్నారు. కాదనేవాళ్ళు అవతల కూడా ఉంటారని ఆయనకు తట్టనే లేదు.

"అవ్వకు చెప్పు బిడ్డా, నేను మీ జిల్లా కోసం అభ్యంతరాలు రాసిన. ఇరవై రెండు పేజీలు."

పిల్ల చెప్పింది. ఆవిడ ఏదో అంది. "మా జిల్లా సంగతి తర్వాత. మీరు ఎవరి ఊరు మార్చారో వాళ్ళు మిమ్మల్ని మన్నించారా అంటోంది" అంది సోలోమియా.

అవతల ఒక కోడి అరిచింది. మా ఆయన చేతిలోని ప్రశ్నల కాగితం మడిచారు, ఇంకోసారి మడిచారు. భార్గవ్ వంక చూశారు. వాడు నేల చూస్తున్నాడు. అప్పుడు నావైపు తిరిగారు.

"శారదా" అన్నారు. ముప్ఫై ఐదేళ్ళ కాపురంలో నా పేరు అంత మెల్లగా ఆయన నోట వినలేదు. "ఆ వాగుల నీళ్ళే ఉండవు. నేను పోయి చూసిన. పోరగాండ్లు ఆడుకుంటున్నరు అండ్ల. చూసి కూడ సహజ హద్దని రాసిన. పని జల్ది ఒడుస్తదని రాసిన. తప్పే."

నేను ఈ నాటకం మొత్తం అల్లినదాన్ని. ఎవరు ఎప్పుడు ఏమనాలో నేర్పినదాన్ని. ఈ మాట మాత్రం నేను అల్లలేదు. నాకు ఏడుపొచ్చేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, అయినా నోరు ఊరుకోదు కదా, "అభ్యంతరాలకు ముప్ఫై రోజుల గడువుంటది గద. ఆలోచించి చెప్త" అన్నాను.

"ఎల్లుండి విమానమున్నది" అన్నారాయన దీనంగా.

"విమానం పోనీయుండ్రి. ఇంకోటొస్తది."

ఆయన భార్గవ్‌తో, "సీట్లు వద్దని రాయి" అన్నారు. తర్వాత ఫోనుకు దగ్గరగా వంగి, ఆవిడకు అర్థం కాదని తెలిసి కూడా తెలుగులోనే, "అవ్వా, మన్నించినట్టే. మీ పిల్లను మాకియ్యి" అని చేతులు జోడించారు. ఆవిడ పళ్ళులేని నోటితో నవ్వి, రెండు చేతులూ ఊపింది.

అక్కడే నాకు అనుమానం తగిలింది. ఆ నవ్వు అప్పుడే ఒప్పుకున్న మనిషి నవ్వులా లేదు. తర్వాత ఆవిడ ఒక తెల్లటి పొడుగాటి తువ్వాలు తెరకు అడ్డంగా పట్టి చూపించింది. రెండు కొసలా ఎర్రదారంతో కుట్టుపని. పెళ్ళిలో వధూవరులు దాని మీద నిలబడతారట. అంత పని ఒక పూటలో కాదు, ఒక నెలలోనూ కాదు. పిల్లనివ్వననుకున్న ముసలమ్మ వేసవంతా కళ్ళు పొడుచుకుని పెళ్ళి తువ్వాలు ఎందుకు కుడుతుంది?

సాయంత్రం వంటింట్లో సోలోమియాను నిలదీశాను. "మీ అమ్మమ్మ నిజంగా ఏమంది?"

ఆ పిల్ల గిన్నె తుడుస్తూ, "జిల్లా నిజంగానే అడిగింది ఆంటీ. తర్వాత మాత్రం, పెద్దాయన చాలా సన్నగా ఉన్నాడు, సరిగ్గా తింటాడా అని అడిగింది" అంది.

"మరి మన్నించారా అన్న మాట?"

"అది అడగాల్సిన మాటే కదా. ఆ వాగు గురించి మీరు చెప్పిన రోజు నుంచి నాకు అడగాలనే ఉంది."

నాకు తగిన కోడలు దొరికిందని గర్వం వేసింది, నన్నే మించిందని కాస్త భయమూ వేసింది. ఈ సంగతి మా ఆయనకు ఇప్పటిదాకా చెప్పలేదు. తప్పు ఒప్పుకుని తేలికపడ్డ మనిషిని మళ్ళీ ఎందుకు కదిలించడం?

శుభలేఖ ఆయనే రాశారు. వధువుకు 'ఉమ్మడి టెర్నోలుగ్ జిల్లా' అని వేద్దామని భార్గవ్ అంటే ఒప్పుకోలేదు. చీలిన జిల్లాను ఉమ్మడి అనాలి గానీ కలిసిపోయినదాన్ని పూర్వపు అనాలని గంటసేపు వాదించి 'పూర్వపు టెర్నోలుగ్ జిల్లా' అని రాశారు. వరుడి మాతామహుల దగ్గర కలం కాసేపు ఆపి, 'రేగులపాడు గ్రామం, ఉమ్మడి కరీంనగర్ జిల్లా' అని రాసి, కాగితం నా ముందుకు జరిపారు. నేను దాన్ని ఫొటో తీసి కమలాకర్‌కు పంపాను.

నాలుగేళ్ళుగా బావ పేరెత్తని మా తమ్ముడు అరగంటలో ఫోన్ చేశాడు. "అక్కా, పెండ్లయినంక బావను మనింటికి తోలుకరా" అన్నాడు. "వాగు దాటి రావాలె, ఏమనుకోవద్దని చెప్పు."